మంచం దిగి వచ్చిన పాట

విశాఖలో వన్ టౌన్ వైపు పాత సంఘాలైనా, గాజువాక, ఉక్కునగరం వైపు కర్మాగారంతో పాటు పెరిగిన సంఘాలైనా, సమర్పణ కూడిక అనగానే ఒక పాట తరచుగా వినిపిస్తుంది. జీవితంతో మొదలుపెట్టి చేతులు, కాళ్లు, గొంతు, పెదవులు, వెండి బంగారాలు, బుద్ధి, చిత్తం, హృదయం అంటూ ఒక్కొక్కటే ప్రభువు చేతికి అప్పజెబుతూ పోయే పాట అది. ఇంగ్లీషులో పాడేవారున్నారు, తెలుగులో పాడేవారున్నారు. రాసినామె పేరు పాటల పుస్తకంలో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది కనుక మనలో చాలామందిమి చూడం. ఆమె పేరు ఫ్రాన్సెస్ రిడ్లీ హావెర్గల్. పాట రాయడం, దానికి రాగం కట్టడం, పియానో ముందు కూర్చుని తానే పాడడం, మూడూ చేతనైన మనిషి. బతికింది 42 ఏళ్లు. అందులో ఎన్ని నెలలు మంచం మీద గడిచాయో లెక్క వేస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది.

1836 డిసెంబరు 14న ఇంగ్లాండులోని వూస్టర్‌షైర్‌లో ఆస్ట్లీ అనే పల్లెలో ఆమె పుట్టింది. ఆరుగురు పిల్లల్లో ఆఖరిది. రిడ్లీ అన్న పేరు వెనక 1555లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వాసం కోసం సజీవ దహనమైన బిషప్ రిడ్లీ జ్ఞాపకం ఉంది. తెలుగునాట లెక్క చెప్పాలంటే, ఆమె పుట్టడానికి మూడేళ్ల ముందు, 1833లో మన పురుషోత్తమ చౌదరి గారు కటకంలో బాప్తిస్మం పొందారు. మన భాషలో క్రీస్తు కీర్తనలకు ఆయన బాట వేస్తున్న రోజుల్లోనే ఆమె అక్కడ ఊయలలో ఉందన్న మాట.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె తండ్రి గురించి చెప్పుకోవాలి. విలియం హెన్రీ హావెర్గల్ ఆ ఊరి పాదిరి. 1829లో గుర్రపు బండి మీద నుంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. ప్రసంగాలు చేయలేని, సంఘం పనులు చూడలేని స్థితి. చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చిన ఆ కాలాన్ని ఆయన సంగీతానికి ఇచ్చారు. పాత సంఘ కీర్తనల రాగాలను వెదికి పట్టుకుని, తరతరాలుగా వాటికి పట్టిన తుప్పు వదిలించి, మళ్లీ సంఘాలకు అందించారు. 1847లో అచ్చయిన ఆయన రాగాల సంపుటి ఇంగ్లాండు సంఘ సంగీతంలో మంచి పేరు తెచ్చుకుంది. ఆయన మొట్టమొదట అచ్చు వేసిన రచన బిషప్ హెబర్ రాసిన మిషనరీ గీతానికి కట్టిన సంగీతం. దాని మీద వచ్చిన 180 పౌండ్లూ చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేశారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లను మచిలీపట్నం పంపి తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది ఈ సొసైటీయే. ఈ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

కనుక జబ్బు పడినప్పుడు పాట వైపు తిరగడం ఆ ఇంట్లో కొత్త సంగతి కాదు. ఫ్రాన్సెస్ పుట్టేనాటికే అది ఆ ఇంటి అలవాటు.

నాలుగేళ్లకే ఆమె చదవడం నేర్చుకుంది, ఏడేళ్లకు పద్యాలు అల్లింది. 11 ఏళ్లప్పుడు, 1848 జూలైలో తల్లి చనిపోయింది. పోయే ముందు తల్లి ఈ చిన్న కూతురిని దగ్గరకు పిలిచి, దేవుడు నీ కోసం ఏదో సిద్ధం చేస్తున్నాడు, దానికి నిన్ను సిద్ధం చేయమని ఆయన్నే అడుగుతూ ఉండు అనే అర్థం వచ్చేలా చెప్పిందట. పిల్ల ఆ మాట మరిచిపోలేదు. అయితే పాదిరి ఇంట పుట్టినంత మాత్రాన ఆమెకు రక్షణ నిశ్చయత రాలేదు. చిన్నతనమంతా లోలోపల దిగులే. అందరూ పాడుతుంటే తానూ పాడేది, కానీ క్షమాపణ తనకు దొరికిందో లేదో తెలియదు. 1851లో తనకు మారుతల్లి కాబోతున్న కుక్ అనే ఆమెతో మాట్లాడుతున్నప్పుడు ఆ ముడి విడిపోయింది. ఆ రోజు నుంచి నమ్మిక మొదలైందని తరువాత ఆమె చెప్పుకుంది.

అదే ఏడాది చివర మొదటి పెద్ద జబ్బు వచ్చింది. ముఖానికీ తలకూ పాకిన చర్మపు ఇన్ఫెక్షన్. ఎరిసిపెలస్ అంటారు. చదువు కట్టిపెట్టమన్నారు వైద్యులు. చదువంటే ప్రాణమిచ్చే 15 ఏళ్ల పిల్లకు అది ఎంత శిక్షో ఊహించవచ్చు. కోలుకున్నాక 1852లో తల్లిదండ్రులతో జర్మనీ వెళ్లి డ్యూసెల్‌డార్ఫ్‌లో బడిలో చేరింది. అక్కడి పిల్లల్లో మొదటి స్థానం తెచ్చుకుంది. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, లాటిన్ వచ్చు. కొత్త నిబంధన కోసం గ్రీకు, పాత నిబంధన కోసం హెబ్రీ నేర్చుకుంది. సువార్తలు, పత్రికలు, ప్రకటన, కీర్తనలు, యెషయా కంఠస్థం. మంచం మీద ఉండి పుస్తకం పట్టుకోలేని రోజుల్లో ఈ కంఠస్థమే ఆమెకు అన్నం పెట్టిందని మేము అనుకుంటాం. వాక్యం ఫోనులో ఉంది కదా అని సరిపెట్టుకుంటున్న మనకు ఈ సంగతి కాస్త గుచ్చుకుంటుంది.

1858 జనవరిలో సిలువ వేయబడిన ప్రభువు చిత్రం చూసి, అలసిపోయి ఉన్న వేళ పెన్సిలుతో కొన్ని చరణాలు రాసుకుంది. నీ కోసం నేనింత చేశాను, నా కోసం నువ్వేం చేశావని ప్రభువు అడుగుతున్నట్టు సాగే గీతం. తీరా చదువుకుంటే నచ్చలేదు. కాగితం నలిపి పొయ్యిలోకి విసిరింది. అది మంటలో పడక పక్కకు దొర్లింది. అంచు కమిలిన ఆ కాగితాన్ని తీసి దాచింది. కొన్నాళ్లకు ధర్మశాలలో ఉండే ఒక పేద ముసలమ్మకు చదివి వినిపిస్తే ఆమె ఎంతో సంతోషించిందట. అప్పుడు గానీ అది పాడుకోదగిన పాట అని రాసినామెకు తెలియలేదు. తండ్రి దానికి రాగం కట్టారు. తరువాత అమెరికాలో ఫిలిప్ బ్లిస్ కట్టిన రాగమే ఇప్పుడు ఎక్కువ చోట్ల వినిపిస్తోంది.

పాటగత్తెగా ఆమె సామాన్యురాలు కాదు. కిడర్‌మిన్‌స్టర్ సంగీత సమాజంలో ఒంటరి గాయనిగా పాడేది. హాండెల్ రచనలు, బేతోవెన్, మెండెల్సన్ రచనలు చాలా భాగం పుస్తకం చూడకుండా పియానో మీద వాయించేది. స్వర సమ్మేళన శాస్త్రం చాలావరకు పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకుంది. 1866 ప్రాంతంలో కొలోన్ నగరంలో ఫెర్డినాండ్ హిల్లర్ అనే పెద్ద సంగీతకారుడికి తన రాగాలు చూపించింది. ఆయన మొహమాటం లేని మనిషి. రాగాల్లో ప్రతిభ ఉంది గానీ మహాప్రతిభ అనలేను, స్వరాల కూర్పు మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే అన్న అర్థంలో తీర్పు చెప్పాడు. కోరుకుంటే సంగీతాన్నే వృత్తిగా పెట్టుకోవచ్చునన్న ధైర్యమూ ఆమెకు కలిగింది. ఆమె ఆ దారిన పోలేదు. ఏ నాటకశాలకూ, ఏ కంపెనీకీ జీతానికి కుదరలేదు. అక్క ఇంట పిల్లలకు చదువు చెబుతూ, తనకు తోచిన పాటలు రాస్తూ ఉండిపోయింది. ఒక పత్రిక నుంచి మొదటిసారి పారితోషికం వచ్చింది, పది పౌండ్ల పైచిలుకు. పది పౌండ్లు తండ్రి చేతిలో పెట్టి నీకు నచ్చిన పనికి వాడుకో అంది. మిగిలిన చిల్లర సేవకు పోయింది.

1870 ఏప్రిల్ 19న తండ్రి పోయారు. ఈస్టరు ముందు రోజు వరకూ లేచి తిరిగిన మనిషి. ఆయన రాగాలన్నీ ఏర్చి కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని కూతురి మీద పడింది. ఇష్టంగానే చేసింది. 1871లో పెర్రీ బార్ అనే చోట ఒక పాదిరి గారితో బడి చూడడానికి వెళ్లి, అలసిపోయి ఆట స్థలం గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన లోపలికి వెళ్లి పది నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి ఒక పాత కవరు మీద ఆరోహణ గీతం మొత్తం రాసేసి ఉంది. దానికి రాగం కూడా తనే కట్టి హెర్మాస్ అని పేరు పెట్టింది. రోమా పత్రిక చివర పౌలు వందనాలు పంపినవారిలో ఒకరి పేరు అది (రోమా 16:14). ఈ రాగం పేరు గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి.

1873 డిసెంబరులో సంపూర్ణ సమర్పణ గురించిన ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అప్పటిదాకా ప్రభువును ఎరుగుదును గానీ అంతా అప్పజెప్పలేదనే వెలితి ఆమెలో ఉండేది. ఆ పుస్తకం చదివాక ఆ వెలితి తీరింది. ఇక మీద తన గొంతు ప్రభువు పాటలకే అని నిర్ణయించుకుంది. లోక గీతాలు పాడడం పాపమని ఆమె ఎవరికీ బోధించలేదు. తన మట్టుకు తాను మానుకుంది. మన సంఘాల్లో కొందరు ఇలాంటివి ఎదుటివారి మీద చట్టంగా రుద్దుతారు. ఆమె ఆ పని చేయలేదని గమనించాలి.

1874 మొదలుకాగానే అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. అంతకు ముందు ఏడాది అక్కడ బ్యాంకులు కూలి వ్యాపారాలు మునిగాయి. ఆమె పాటలు అచ్చు వేసే ప్రచురణకర్త దివాలా తీశాడు. డబ్బు వస్తుందనుకున్న చోట ఏమీ లేదు. పైగా అతనికి తప్ప ఆ దేశంలో మరొకరికి ఇవ్వనని రాసిచ్చి ఉంది కనుక అమెరికా తలుపు మూసుకుపోయింది. ఆ ఉత్తరం అందిన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 4న, ఆరీలీ హౌస్ అనే ఇంట్లో అతిథిగా ఉండగా మనం పైన చెప్పుకున్న సమర్పణ గీతం రాసింది. ఆ ఇంట్లో పది మంది ఉన్నారు. అందరికీ ప్రభువు కృప దొరకాలని ప్రార్థిస్తూ వచ్చింది. ఆఖరి రాత్రి ఆ ఇంటి ఆడపిల్లలిద్దరూ ఏడుస్తూ ఆమెతో మాట్లాడి నెమ్మది పొందారు. సంతోషంతో నిద్ర పట్టక, ఒక్కో ద్విపదగా పాట కట్టుకుంటూ తెల్లవార్లూ మేలుకుంది. అంటే వెండి బంగారాలు ఇచ్చేస్తానన్న ఆ చరణం డబ్బు చేతికొచ్చినప్పుడు రాసింది కాదు, పోయినప్పుడు రాసింది.

అదే ఏడాది శరత్కాలంలో టైఫాయిడ్ వచ్చింది.

స్విట్జర్లాండు కొండల్లో కొన్నాళ్లు గడిపి ఆరోగ్యంగా తిరిగి వస్తూ దారిలో అంటించుకుంది. రైల్లోనే వణుకు మొదలైంది. అక్క ఇంటికి చేరి పడిపోయింది. మనవాళ్లు సన్నిపాత జ్వరం అని భయపడిన జబ్బు ఇదే. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తుంది. కారణమైన క్రిమిని కనిపెట్టింది 1880లో. దాన్ని చంపే మందు దొరికింది ఇంకా చాలా కాలానికి, 1948లో. ఆమె రోజుల్లో చేయగలిగిందల్లా తడిగుడ్డ వేయడం, జావ పోయడం, ప్రార్థించడం. మూడు నాలుగు వారాలు జ్వరం దిగదు. దిగిందనుకున్నాక మళ్లీ తిరగబెడుతుంది. ఆమెకూ తిరగబెట్టింది, 1875 తొలినాళ్లలో. చావు అంచు దాకా వెళ్లి వచ్చింది. అక్కలు వంతులు వేసుకుని చూసుకున్నారు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మంచం మీదే తరలించినంత పని.

తొమ్మిది నెలల ముందు చేతులూ కాళ్లూ గొంతూ తీసుకోమని రాసిన మనిషి. తీసుకున్నాడా? చేతులు పెన్ను పట్టుకోలేకపోయాయి. కాళ్లు లేవలేదు. గొంతు పాడలేకపోయింది. ఈ చోట కథ చెప్పేవారు చాలామంది త్వరగా ముందుకు పోతారు. మాకు మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే మన సంఘాల్లో కింగ్ జార్జి ఆసుపత్రి వార్డులో నెలల తరబడి పడి ఉన్నవారు ఉన్నారు. కీమో చికిత్స తర్వాత గొంతు మారిపోయి గాయక బృందంలో వెనక వరుసకు జరిగినవారు ఉన్నారు. వారి మంచం పక్కన నిలబడి నీకు విశ్వాసం చాలలేదు కనుకనే ఇలా అయిందని చెప్పి వెళ్లేవారూ ఉన్నారు. అలాంటి ఓదార్పు కంటే మౌనం మేలు. పౌలు అంతటివాడు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావుకు దగ్గరై కోలుకున్నాడు (ఫిలిప్పీ 2:27). తన ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది ఉండిపోయింది (2 కొరింథీ 12:8, 9). వీరిలో ఎవరి విశ్వాసం తక్కువ?

ఫ్రాన్సెస్ ఆ మంచం మీద గొప్ప గీతాలు గుప్పించిందని చెప్పలేం. రాయడానికి శక్తే లేదు. తన దగ్గర పాటల పెట్టె ఏదీ నిండి లేదనీ, ఒక్కో పంక్తినీ ప్రభువునడిగి తీసుకోవడమేననీ ఆమె తన స్నేహితులకు చెబుతుండేది. ఇవ్వని రోజున ఊరుకోవాలి. ఆ నెలల్లో ఆమె చేసిన పని అదే, ఊరుకోవడం. పాడకుండా ఉండడం కూడా అప్పజెప్పిన గొంతు చేసే పనేనని మేము అంటే పాఠకులు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

1875 గడిచేకొద్దీ మెల్లగా లేచి కూర్చుంది. లేచాక ఆమె చేపట్టిన పెద్ద పని సంగీతమే. స్నెప్ అనే పాదిరి గారు కూర్చిన పెద్ద పాటల సంపుటికి రాగాలు సమకూర్చడం, సరిచూడడం, లేని చోట కొత్తవి కట్టడం. ఇందులో మెరుపు ఏమీ లేదు, కూలి పని. ఒక్కో పాటకు నాలుగు గొంతుల స్వరాలు, ఒక్కో స్వరం ప్రూఫుల్లో సరిపోయిందో లేదో కంటితో వెదకాలి. తలనొప్పి వస్తే కాసేపు పడుకుని మళ్లీ లేచి కూర్చునేది. రోగం తర్వాత బలం పుంజుకోవడానికి కొందరికి నడక, కొందరికి చేతి పని ఎలాగో ఆమెకు ఈ స్వరాలు అలాగ.

1876లో ఆఖరి ప్రూఫు చూసి పంపించింది. నెలల శ్రమ ముగిసింది. కొద్ది రోజులకే కబురు వచ్చింది. అచ్చు కార్యాలయం తగలబడింది. ఆ రోజుల్లో పుస్తకం కోసం సీసం కలిసిన లోహాన్ని పోతపోసి పలకలు చేసేవారు. పోతపోయడం అంటే ఏమిటో ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి మేము చెప్పనక్కరలేదు. అలా పోసిన పలకలన్నీ మంటల్లో కరిగి ముద్దయ్యాయి. తన సొంత రాగాలకు ఆమె నకలు కూడా ఉంచుకోలేదు.

ఏడ్చిందో లేదో మనకు తెలియదు గానీ, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. జ్ఞాపకం ఉన్న రాగాలు జ్ఞాపకం నుంచి, లేనివి కొత్తగా. మొదటిసారి తొందరలో వదిలేసిన లోపాలు ఈసారి సరిదిద్దే అవకాశం దొరికిందని అనుకుని చేసిందట. జబ్బు నుంచి లేచిన మనిషికి జబ్బు కంటే పెద్ద పరీక్ష ఇదేనని మాకు తోస్తుంది. టైఫాయిడ్ తన చేతిలో లేనిది, దానికి లోబడక తప్పదు. కానీ చేసిన పనే మళ్లీ చేయడం తన చేతిలో ఉంది. వద్దనుకుంటే మానుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆమె మానలేదు.

ఆరోగ్యం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. అదే 1876 వేసవిలో స్విట్జర్లాండులో మళ్లీ మంచాన పడింది. లేచిన ప్రతిసారీ పని. పిల్లల కోసం పొద్దుటికి ఒకటీ రాత్రికి ఒకటీ చిన్న ధ్యానాల పుస్తకాలు, పెద్దలకు మరికొన్ని, గుట్టలుగా ఉత్తరాలకు జవాబులు. చేతి రాత భారమైనప్పుడు అప్పుడప్పుడే అమెరికా నుంచి వస్తున్న టైపు మిషను తెప్పించుకుంది.

1878 మే నెలలో మారుతల్లి పోయింది, లెమింగ్టన్‌లో ఉన్న ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. సామాన్లు సర్దుతుండగా ఆమె కన్ను నగల పెట్టె మీద పడింది. సమర్పణ గీతం రాసి నాలుగేళ్లు దాటింది. వెండి బంగారాల చరణం తానే రాసింది, పెట్టె మాత్రం తన దగ్గరే ఉంది. ఆగస్టులో ఆ పెట్టెతో సహా యాభైకి దగ్గరగా నగలు సర్ది చర్చి మిషనరీ సొసైటీకి పంపేసింది. తల్లిదండ్రుల జ్ఞాపకంగా రోజూ పెట్టుకునే ఒక పిన్నూ, చనిపోయిన మేనకోడలి బొమ్మ ఉన్న ఒక లాకెట్టూ మాత్రం ఉంచుకుని, వాటి విలువ డబ్బుగా కట్టేసింది. పెట్టె సర్దినంత ఆనందంగా ఇంకేదీ సర్దలేదని చెప్పుకుంది. తండ్రి పాట డబ్బు పోయిన సొసైటీకే కూతురి నగలూ పోయాయి. మనలో ఎవరి మెడలోనో గొలుసు చూసి వేలు చూపించడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆమె ఎవరినీ అడగలేదు, తన పాటను తానే విన్నది.

అదే ఏడాది అక్టోబరులో అక్క మరియాతో కలిసి వేల్స్ దేశంలో స్వాన్‌సీ దగ్గర సముద్రపు ఒడ్డుకు మకాం మార్చింది. స్వాన్‌సీ అంటే రాగి, ఇనుము కరిగించే కొలుములూ ఓడలూ ఉన్న ఊరు. మన విశాఖవారికి ఆ గాలి వాసన కొత్తగా ఉండదు. కొండా సముద్రమూ కలిసిన చోట చిన్న ఇల్లు. కిటికీ దగ్గర బల్ల. అక్కడి పనివారి పిల్లలను పోగుచేసి పాటలు నేర్పింది, తాగుడు మానతామని వారి చేత సంతకాలు చేయించింది. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేది.

1879 మే 21న ఊరి గట్టు మీద మగవాళ్లతో, కుర్రాళ్లతో మాట్లాడడానికి మాట ఇచ్చి ఉంది. ఆకాశం బాగాలేదు. వెళ్లింది, తడిసింది, చలి పట్టింది. జ్వరం వచ్చింది. కొద్ది రోజుల్లో అది కడుపు లోపలి పొర వాచే జబ్బుగా తేలింది. పెరిటోనైటిస్. నేడైతే ఆపరేషను, యాంటీబయాటిక్సు ఉన్నాయి. అప్పుడు నొప్పిని ఓర్చుకోవడమే. బాగుపడే ఆశ లేదని తెలిశాక ఆమె ముఖం కుంగిపోలేదని పక్కనున్నవారు రాశారు. తన సమాధి మీద 1 యోహాను 1:7లోని క్రీస్తు రక్తం మాట చెక్కించమని అడిగింది.

జూన్ 3, పెంతెకొస్తు పండుగ వెళ్లిన మంగళవారం. తెల్లవారుజామున నొప్పి తెరలు తెరలుగా వచ్చి కాస్త విడిచింది. అప్పుడు ఆమె గొంతు ఎత్తింది. యేసును నమ్ముకుంటానని చెప్పే మరొకరి పాట, దానికి తన సొంత రాగం, ఆ హెర్మాస్ రాగమే. సన్నగా, కానీ స్వరం తప్పకుండా ఒక చరణం పాడింది. తరువాత పైకి చూస్తూ మరో పాట అందుకోబోయింది. ఒక్క స్వరం పలికింది, ఆగిపోయింది. 42 ఏళ్లు.

జూన్ 9న ఆస్ట్లీ చర్చి ఆవరణలో తండ్రి సమాధి పక్కనే ఆమెను ఉంచారు. అడిగిన వాక్యమే రాతి మీద చెక్కారు. మరుసటి ఏడాది అక్క మరియా ఆమె జీవిత జ్ఞాపకాలను పుస్తకంగా అచ్చు వేసింది.

ఆమె జ్ఞాపకార్థం చర్చి మిషనరీ సొసైటీ వద్ద ఒక నిధి ఏర్పడింది. ఆ డబ్బును రెండు పనులకు కేటాయించారు. ఒకటి ఆమె పుస్తకాలను ఇతర దేశాల భాషల్లోకి తేవడం. రెండోది భారతదేశంలో ఇల్లిల్లూ తిరిగి, గడప దాటని ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీలకు శిక్షణ ఇచ్చి జీతం కట్టడం.